మావో తర్వాత అయిదేళ్ళు: చీటీ ఉన్నవాడు, మనుషులున్నవాడు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘కమ్యూనిస్టు రాజ్యాల్లో అధికార మార్పిడి’. సోవియట్ యూనియన్, యుగోస్లావియా, వియత్నాం, క్యూబా అన్నీ గంటలో చెప్పబోతే ఏదీ చెప్పినట్టుండదు. అందుకని ఒక్క దేశం, ఒక్క అయిదేళ్ళు తీసుకుంటున్నాను. 1976 సెప్టెంబరు నుంచి 1981 జూన్ దాకా చైనా. మావో పోయిన రోజు నుంచి, మావోని ఏం చెయ్యాలో ఆ పార్టీ తేల్చుకున్న రోజు వరకు.

చైనాయే ఎందుకంటే మనకి దానితో పాత లెక్కలున్నాయి. ఈ హాల్లో నెరిసిన తలలు చాలానే కనిపిస్తున్నాయి. ‘చైనా ఛైర్మనే మన ఛైర్మన్’ అన్న గోడరాతలు చూసినవాళ్ళూ, బహుశా రాసినవాళ్ళూ ఇక్కడ ఉండే ఉంటారు. ఆ నినాదం చైనావాళ్ళకే నచ్చలేదు. 1970లో ఇక్కణ్ణుంచి రహస్యంగా వెళ్ళిన నక్సలైట్ల పార్టీ, సీపీఐ (ఎంఎల్), ప్రతినిధి సౌరేన్ బోస్‌తో, అలా అనకూడదని చైనా ప్రధాని చౌ ఎన్ లై ముఖం మీదే చెప్పాడు. ఆ తర్వాత మావో పోయాక బీజింగ్‌లో ఎవరు ఎవర్ని అరెస్టు చేశారో, ఎందుకు చేశారో తెలియక ఇక్కడ మన గ్రూపుల్లో ఎన్ని వాదాలు, ఎన్ని చీలికలు! మావో వారసుడిగా వచ్చిన హువాని సమర్థించినవాళ్ళున్నారు, అతన్ని పక్కకి నెట్టిన డెంగ్‌ని రివిజనిస్టు, అంటే మార్క్సిజాన్ని పలచన చేసినవాడు, అని తిట్టినవాళ్ళున్నారు. అక్కడ జరిగింది మాత్రం మనం ఇక్కడ వాదించుకున్నంత సిద్ధాంతపరమైన విషయం కాదు. చాలా మానుష విషయం.

ముందు 1976 సంగతి చూద్దాం. జనవరి 8న చౌ ఎన్ లై పోయాడు. జులై 6న ఎర్రసైన్యాన్ని కట్టిన జు డే పోయాడు. జులై 28 తెల్లవారుజామున తాంగ్‌షాన్‌లో భూకంపం వచ్చింది. అధికారికంగా చెప్పిందే 2 లక్షల 42 వేల మంది చనిపోయారని. (సరిగ్గా అదే రోజు ఇక్కడ ఎమర్జెన్సీలో, అజ్ఞాతంలో ఉండగా తరిమెల నాగిరెడ్డి గారు కన్నుమూశారు. సందర్భం వచ్చింది కాబట్టి గుర్తు చేస్తున్నాను, అంతే.) సెప్టెంబరు 9 అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకి మావో పోయాడు. వయసు 82.

ఇలాంటి వ్యవస్థలో వారసుణ్ణి ఎంచుకోవడం ఎంత కష్టమో మావోని చూస్తే తెలుస్తుంది. మొదటి వారసుడు లియు షావోచీ. దేశాధ్యక్షుడు. ద్రోహి అని ముద్రవేసి పార్టీ నుంచి వెళ్ళగొట్టారు. 1969లో కైఫెంగ్‌లో నిర్బంధంలోనే, సరైన వైద్యం లేక చచ్చిపోయాడు. రెండోవాడు లిన్ బియావో. ఇతని పేరైతే ఏకంగా పార్టీ రాజ్యాంగంలోనే వారసుడని రాశారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1971 సెప్టెంబరులో విమానంలో పారిపోతూ మంగోలియాలో కూలిపోయాడు. తర్వాత షాంఘై నూలుమిల్లులో సెక్యూరిటీ పని చేసే వాంగ్ హోంగ్వెన్ అనే కుర్రాణ్ణి తెచ్చి పార్టీ ఉపాధ్యక్షుణ్ణి చేశారు. అతను ఆనలేదు. డెంగ్ జియావోపింగ్‌ని 1973లో వెనక్కి పిలిచి, 1976 ఏప్రిల్‌లో మళ్ళీ పదవులన్నీ ఊడబెరికారు. పార్టీ సభ్యత్వం ఒక్కటే మిగిల్చారు.

చివరికి తేలింది హువా గువోఫెంగ్. షాన్సీలో పుట్టినవాడు. మావో సొంత జిల్లాలో, హునాన్‌లో పార్టీ పని చేసి పైకొచ్చినవాడు. మంచివాడని అందరూ ఒప్పుకునే మనిషి. ఎవరికీ శత్రువు కాదు. ఇలాంటి చోట పైకి రావడానికి అది పెద్ద అర్హతే. కానీ వచ్చాక నిలబడ్డానికి అది చాలదు. 1976 ఏప్రిల్ 30న మావో, అప్పటికే మాట సరిగ్గా రావడం లేదు, వణుకుతున్న చేత్తో ఒక చీటీ రాసిచ్చాడు. “పని నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత.” అంతే రాసింది. నూరుకోట్లకి దగ్గరపడుతున్న జనాభాకి అధిపతి ఎవరంటే చూపించడానికి హువా దగ్గరున్న పత్రం అది.

ఆ చీటీ పట్టుకుని అతను చేసిన మొదటి పని మాత్రం సామాన్యమైంది కాదు. మావో పోయి నెల తిరక్కుండానే, అక్టోబరు 6 రాత్రి, మావో భార్య చియాంగ్ చింగ్‌తో సహా మావో చివరి ఏళ్ళలో చక్రం తిప్పిన ‘నలుగురి ముఠా’ని పట్టుకున్నాడు. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అధికారం ఎక్కడుంటుందో ఆ రాత్రి బాగా కనిపిస్తుంది. పొలిట్‌బ్యూరోలో (పార్టీలో అందరికంటే పై కమిటీ అది) ఓటింగు పెట్టలేదు. పెడితే ఏమవుతుందో నమ్మకం లేదు. రక్షణమంత్రి మార్షల్ యె జియాన్‌యింగ్ ఒక పక్క, నాయకులకి కాపలా కాసే 8341 దళం అధిపతి వాంగ్ డోంగ్‌షింగ్ ఇంకో పక్క. జోంగ్‌నాన్‌హాయ్‌లోని హ్వాయ్‌రెన్ హాలులో రాత్రి ఎనిమిదింటికి మీటింగు అని కబురు పెట్టారు. అజెండా ఏమిటో తెలుసా? మావో రచనల అయిదో సంపుటం ప్రూఫులు, మావో స్మారక మందిరం. మావో పేరు చెబితే రాకుండా ఎలా ఉంటారు? జాంగ్ చున్‌చియావో వచ్చాడు. వాంగ్ హోంగ్వెన్ వచ్చాడు, కాస్త పెనుగులాడాడు. యావో వెన్యువాన్‌ని తర్వాత పిలిపించారు. హువా కాగితం చదివాడు, గార్డులు తీసుకెళ్ళారు. చియాంగ్ చింగ్‌ని ఆమె ఇంట్లోనే పట్టుకున్నారు. గంట తిరక్కుండా అయిపోయింది. ఒక్క తూటా పేలలేదు. అదే సమయానికి గెంగ్ బియావో అనే నాయకుడు హువా రాసిచ్చిన ఆర్డరు పట్టుకెళ్ళి రేడియో, టీవీ కేంద్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ రాత్రే పొలిట్‌బ్యూరోని కూర్చోబెట్టి హువాని పార్టీ ఛైర్మన్‌ని చేశారు.

వార్త మెల్లగా బయటికి పొక్కింది. బీజింగ్‌లో అది పీతల సీజను. జనం మార్కెట్టుకెళ్ళి మూడు మగ పీతలు, ఒక ఆడ పీత అడిగి కొనుక్కుని, ఇంట్లో వండుకుని, మందు తాగి పండగ చేసుకున్నారు. ఎవరూ ఏ నినాదమూ ఇవ్వలేదు. పీతలు తినడం నేరం కాదు కదా.

ఇప్పుడు హువా పరిస్థితి చూడండి. పార్టీ ఛైర్మన్ అతనే. ప్రధానమంత్రి అతనే. సైనిక కమిషన్ ఛైర్మన్ అతనే. ఈ మూడూ ఒక్క చేతిలో మావోకి కూడా ఎప్పుడూ లేవు. ఆఫీసుల్లో, బళ్ళలో మావో ఫోటో పక్కన హువా ఫోటో పెట్టించారు. జుట్టు కూడా మావోలాగా వెనక్కి దువ్వడం మొదలుపెట్టాడు. అలాంటి మనిషి రెండేళ్ళలో పలచబడిపోయి, అయిదేళ్ళకి పదవి పోగొట్టుకున్నాడు. ఎలా?

అతని అధికారానికి ఆధారం మావో మాట. అంటే మావో మాటల్లో ఒక్కటి కూడా తప్పనడానికి వీల్లేదు. 1977 ఫిబ్రవరి 7న పీపుల్స్ డైలీలో సంపాదకీయం వచ్చింది: ఛైర్మన్ మావో తీసుకున్న నిర్ణయాలన్నిటినీ సమర్థిద్దాం, ఆయన ఇచ్చిన ఆదేశాలన్నిటినీ పాటిద్దాం అని. భక్తి అనుకుంటాం మనం. అది భక్తి కంటే ముందు ఆత్మరక్షణ. డెంగ్‌ని తీసెయ్యమన్నది మావో. అది తప్పయితే, హువాని పెట్టమన్నది కూడా తప్పు కావచ్చు కదా? 1976 ఏప్రిల్‌లో చౌ ఎన్ లైకి పూలమాలలు వేయడానికి తియనన్మెన్ చౌక్‌కి వచ్చిన జనాన్ని విప్లవ ద్రోహులన్నది మావో హయాం. ఆ ముద్ర తీసెయ్యమని జనం అడుగుతున్నారు. తీస్తే చీటీ విలువ పోతుంది. తియ్యకపోతే జనం పోతారు. ఆ ఇరకాటంలోంచి హువా బయటపడలేదు. 1956లో తనని దహనం చెయ్యమని మావో స్వయంగా సంతకం పెట్టాడు. అయినా శవాన్ని భద్రపరిచి, చౌక్ మధ్యలో మందిరం కట్టి, సరిగ్గా ఏడాదికి తెరిచారు. మావో మాటలన్నీ పాటిస్తామన్నవాళ్ళు ఆ ఒక్క మాట పాటించలేదు, చూశారా.

ఇప్పుడు రెండో మనిషి. డెంగ్ దగ్గర చీటీ లేదు. ఏముంది మరి? నా ఉద్దేశంలో ఈ కథ మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది. అతని దగ్గర వెనక్కి వస్తున్న మనుషులున్నారు.

సాంస్కృతిక విప్లవంలో, అంటే 1966 నుంచి మావో తన పార్టీవాళ్ళ మీదికే జనాన్ని ఉసిగొల్పిన పదేళ్ళలో, పల్లెలకి, జైళ్ళకి, ‘గొడ్లచావళ్ళు’ అని పిలిచే నిర్బంధ కొట్లకి పోయిన పార్టీ కార్యకర్తలు లక్షల్లో ఉన్నారు. జిల్లా కార్యదర్శులు, జనరల్స్, వైస్ ఛాన్సలర్లు, ఇంజనీర్లు. ప్రతివాడి మీదా ఒక ఫైలు, ఫైల్లో ఒక ముద్ర. ద్రోహి, గూఢచారి, పెట్టుబడిదారీ బాటసారి. ఆ ముద్ర ఉన్నంతకాలం పిల్లలకి కాలేజీ సీటు రాదు, సంబంధం కుదరదు. డెంగ్ కూడా వాళ్ళలో ఒకడే. జియాంగ్షీలో ట్రాక్టర్ల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేశాడు. కొడుకు పూఫాంగ్ 1968లో పెకింగ్ యూనివర్సిటీలో రెడ్ గార్డుల (మావో పేరున తిరిగిన విద్యార్థి దళాల) నిర్బంధంలో ఉండగా పై అంతస్తు కిటికీలోంచి పడి, నడుం కింద చచ్చుబడిపోయి చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు. ఆ బాధ ఏమిటో డెంగ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

చెన్ యున్ లాంటి పెద్దలు గట్టిగా పట్టుబట్టాక 1977 జులైలో డెంగ్‌ని మళ్ళీ తీసుకున్నారు. ఆ నెలాఖరున బీజింగ్ వర్కర్స్ స్టేడియంలో హాంకాంగ్ జట్టుతో ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. దాన్ని చూడ్డానికి వచ్చాడు. జనం గుర్తుపట్టి లేచి నిలబడి చప్పట్లు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడే అనుకోండి, కానీ వచ్చిన సమయం చూడండి.

అదే ఏడాది డిసెంబరులో డెంగ్ మనిషి హు యావోబాంగ్ పార్టీ సంస్థాగత విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ కుర్చీ పేపర్లలో కనపడదు, టీవీలో కనపడదు. కానీ ఫైళ్ళన్నీ ఉండేది అక్కడే. ఫిర్యాదులతో వచ్చినవాళ్ళని ఆ గుమ్మంలోంచి తిప్పి పంపడం ఆగిపోయింది. ముద్రలు ఒక్కొక్కటే చెరిపేయడం మొదలైంది. 1982 నాటికి ముప్పై లక్షల మంది కార్యకర్తలకి పైగా కేసులు సరిదిద్దామని పార్టీయే చెప్పుకుంది. తిరిగొచ్చిన ప్రతివాడూ తన పాత కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఇప్పటిదాకా ఉన్నవాడు, అంటే సాంస్కృతిక విప్లవంలో పైకొచ్చినవాడు, లేవాలి. అంటే ఎన్నిక లేదు, ఓటు లేదు, కానీ రోజుకో వార్డు చేతులు మారుతోంది. హువా పోస్టర్లు అచ్చు వేయిస్తుంటే హు యావోబాంగ్ మనుషుల్ని పోస్టింగుల్లో వేయిస్తున్నాడు.

ఇక్కడ డెంగ్‌కి హారతి పట్టాలని నాకు లేదు. 1957లో అయిదున్నర లక్షల మంది చదువుకున్నవాళ్ళకి ‘రైటిస్టు’ ముద్ర వేసిన ఉద్యమాన్ని ప్రధాన కార్యదర్శిగా నడిపించింది ఈ డెంగే. ఇరవై ఏళ్ళ తర్వాత దాదాపు అందరి ముద్రా తీసేశారు. కానీ ఉద్యమం మాత్రం సరైందే, కాస్త హద్దు మీరిందంతే అన్నారు. అంతమందికి అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూ, చేసింది మాత్రం ఒప్పేనంటే ఏమనాలి? రాజకీయం అనాలి.

మామూలు కుటుంబాలకి మార్పు తెలిసింది పరీక్షతో. పదేళ్ళుగా ఆగిపోయిన యూనివర్సిటీ ప్రవేశ పరీక్షని 1977 ఆగస్టులో డెంగ్ పెట్టిన మీటింగులో మళ్ళీ మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఆ డిసెంబరులో 57 లక్షల మంది రాశారు. సీట్లు దొరికింది 2 లక్షల 73 వేల మందికి. అన్నదమ్ములు, టీచరూ శిష్యుడూ ఒకే గదిలో కూర్చుని రాశారు. పల్లెల్లో పేడ ఎత్తుతున్న పట్నం పిల్లలు లాంతరు వెలుగులో పదేళ్ళ నాటి లెక్కల పుస్తకాలు వెతుక్కున్నారు. ప్రశ్నపత్రాలకి కాగితం లేకపోతే, మావో అయిదో సంపుటం కోసం పెట్టిన కాగితం ఇటు మళ్ళించారని అంటారు. ఎంసెట్ టెన్షన్ తెలిసిన మన తల్లిదండ్రులకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి: ఇది జరిగింది హువా ఛైర్మన్‌గా ఉండగానే, అతని సమ్మతితోనే. విదేశీ యంత్రాలు తెప్పించడం, బయటి దేశాలకి బృందాల్ని పంపడం కూడా అతని హయాంలోనే మొదలైంది. ఈమధ్య చరిత్రకారులు హువాకి దక్కాల్సిన పేరు కొంత తిరిగి ఇస్తున్నారు. నేనూ ఇస్తాను.

సిద్ధాంతం ముసుగులో అసలు యుద్ధం 1978 మేలో జరిగింది. మే 11న గ్వాంగ్‌మింగ్ డైలీలో ఒక వ్యాసం: సత్యానికి ఆచరణ ఒక్కటే గీటురాయి అని. మొదటి ముసాయిదా రాసింది నాన్‌జింగ్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పే హు ఫూమింగ్. చదివితే పార్టీ క్లాసు పాఠంలా ఉంటుంది. దాని అర్థం మాత్రం చదివిన ప్రతివాడికీ తెలిసింది: మావో చెప్పాడని కాదు, పని చేసిందా లేదా చూడు. హువా వైపువాళ్ళు, ముఖ్యంగా వాంగ్ డోంగ్‌షింగ్, మండిపడ్డారు. అప్పుడు సైన్యం పత్రికలో దాన్ని బలపరుస్తూ జూన్ 24న ఇంకో వ్యాసం వచ్చింది. దాని వెనక నిలబడింది జనరల్ లువో రుయిచింగ్. 1966లో అవమానం భరించలేక పై అంతస్తు నుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నవాడు. నడవలేని అతన్ని బుట్టలో మోసుకొచ్చి మరీ సభల్లో తిట్టించారు. ఆ వ్యాసం ప్రతి వాక్యం దగ్గరుండి చూసుకున్నాడు. నెలన్నర తిరక్కుండా, అదే కాలికి ఆపరేషన్ కోసం పశ్చిమ జర్మనీ వెళ్ళి అక్కడే చనిపోయాడు. తిరిగొచ్చిన మనుషులు అన్నానే, వాళ్ళు ఇలాంటివాళ్ళు.

నవంబరులో బీజింగ్ జింగ్షీ హోటల్లో పార్టీ వర్కింగ్ కాన్ఫరెన్స్ మొదలైంది. అజెండా వ్యవసాయం, ఆర్థికం. డెంగ్ అప్పటికి సింగపూర్ వైపు పర్యటనలో ఉన్నాడు. చెన్ యున్ లేచి, వ్యవసాయం సరే, ముందు ఈ కేసుల సంగతి తేల్చండి అని పేర్లు చదివాడు. మావోని విమర్శించి పదవి పోగొట్టుకున్న మార్షల్ పెంగ్ డెహువాయ్ సంగతి, తియనన్మెన్ సంగతి. ఇక ఆగలేదు. గదిలో కూర్చున్నవాళ్ళలో సగానికి సగం అలాంటి కేసులున్నవాళ్ళే. నవంబరు 25న హువా తనే లేచి తియనన్మెన్‌కి వచ్చినవాళ్ళు ద్రోహులు కారు, దేశభక్తులు అని ప్రకటించాల్సి వచ్చింది. పెద్దమనిషిలాగే దిగివచ్చాడు. డిసెంబరు 18 నుంచి 22 దాకా జరిగిన కేంద్ర కమిటీ మూడో ప్లీనం (పూర్తి సమావేశం) చరిత్ర పుస్తకాల్లోకెక్కింది గానీ, తేలాల్సింది ఆ హోటల్లోనే తేలిపోయింది. అవే రోజుల్లో అన్హుయ్‌లోని షియావోగాంగ్ అనే పల్లెలో 18 కుటుంబాల రైతులు, భూమి పంచుకుని ఎవరి సేద్యం వాళ్ళు చేసుకుందామని కాగితం మీద వేలిముద్రలు వేశారు. నాయకులు జైలుకి పోతే వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళొచ్చేదాకా మనం సాకుదాం అని కూడా రాసుకున్నారు. బీజింగ్‌లో ఎవరు గెలుస్తున్నారో వాళ్ళకి తెలీదు. వాళ్ళకి కావలసింది తిండి.

ఈ గెలుపుకి హద్దు ఎక్కడో కూడా వెంటనే తెలిసింది. బీజింగ్ షీదాన్ వీధిలో ఒక గోడ మీద జనం పోస్టర్లు అంటించడం మొదలుపెట్టారు. హువా వర్గంతో పోరు నడుస్తున్నంతకాలం డెంగ్‌కి ఆ గోడ పనికొచ్చింది. విదేశీ విలేకరులతో అందులో తప్పేముంది అన్నాడు. డిసెంబరు 5న బీజింగ్ జూలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే వెయ్ జింగ్షెంగ్ అక్కడ ఒక పోస్టరు అంటించాడు. మీరు నాలుగు ఆధునికీకరణలంటున్నారు (వ్యవసాయం, పరిశ్రమలు, రక్షణ, సైన్సు), అయిదోది ప్రజాస్వామ్యం, అది లేకపోతే మిగతా నాలుగూ దండగ అని. 1979 మార్చి 29న అరెస్టు. పదిహేనేళ్ళ శిక్ష. అరెస్టు మర్నాడే డెంగ్ నాలుగు మూలసూత్రాలు చెప్పాడు. అందులో పార్టీ నాయకత్వాన్ని ప్రశ్నించకూడదన్నది ఒకటి. ఏడాది చివరికి గోడ మూసేశారు.

ఇక ముగింపు అంకం. 1980 నవంబరు నుంచి నలుగురి ముఠా విచారణ టీవీలో చూపించారు. చియాంగ్ చింగ్ తల వంచలేదు. “నేను ఛైర్మన్ మావో కుక్కని. ఎవర్ని కరవమంటే వాళ్ళని కరిచాను” అంది. ఆమెని ఎంత అసహ్యించుకున్నా, ఆ మాటకి కోర్టులో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు చెప్పాలంటే మావోని బోనెక్కించాలి. అది డెంగ్‌కి ఇష్టం లేదు. స్టాలిన్‌కి క్రుశ్చేవ్ చేసింది మేం మావోకి చెయ్యం అని 1980 ఆగస్టులో ఇటలీ విలేకరి ఒరియానా ఫలాచీకి చెప్పాడు. తియనన్మెన్ చౌక్‌లో మావో ఫోటో ఉంటుందా అంటే ఎప్పటికీ ఉంటుందన్నాడు. రష్యావాళ్ళకి స్టాలిన్ పోతే లెనిన్ ఉన్నాడు. చైనావాళ్ళకి లెనిన్ కూడా మావోయే, స్టాలిన్ కూడా మావోయే. తీసేస్తే పార్టీకి పునాది ఉండదు. ముసాయిదాని నాలుగు వేల మంది సీనియర్ కార్యకర్తలతో చర్చింపజేసి, 1981 జూన్ 27న తీర్మానం ఆమోదించారు. సాంస్కృతిక విప్లవం ఘోరమైన తప్పు, దానికి మావోదే ప్రధాన బాధ్యత, అయినా మొత్తం మీద గుణాలు ముందు, దోషాలు తర్వాత. అదే ప్లీనంలో హువా ఛైర్మన్ పదవి వదిలాడు. హు యావోబాంగ్ వచ్చాడు. ప్రధానమంత్రి పదవి అంతకు ముందు ఏడాదే జావో జియాంగ్‌కి వెళ్ళింది. సైనిక కమిషన్ మాత్రం డెంగ్ తన దగ్గరే పెట్టుకున్నాడు.

హువాని చంపలేదు, జైల్లో పెట్టలేదు, ద్రోహి అనలేదు. 2002 దాకా కేంద్ర కమిటీలోనే ఉంచారు. లియు షావోచీకి జరిగిందాంతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. 2008 ఆగస్టులో, బీజింగ్‌లో ఒలింపిక్స్ జరుగుతుండగా పోయాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

డెంగ్ పార్టీ ఛైర్మన్ కాలేదు, దేశాధ్యక్షుడు కాలేదు, ప్రధాని కాలేదు. చివరికి 1992లో దక్షిణాదికి ప్రయాణం కట్టి దేశాన్ని మార్కెట్ సంస్కరణల దారికి మళ్ళించినప్పుడు అతనికి ఏ ప్రభుత్వ పదవీ లేదు. దీన్ని చాలామంది గొప్పగా చెప్తారు. నాకు అందులో లోపమే ఎక్కువ కనిపిస్తుంది. పదవికి అధికారం లేదని, మనిషికే ఉందని హువా విషయంలో నిరూపించినవాడు, దాన్ని సరిదిద్దకుండా తనే అనుభవించాడు. హు యావోబాంగ్‌ని 1987 జనవరిలో దించినప్పుడు, 1989లో జావో జియాంగ్‌ని దించినప్పుడు, అదీ పద్ధతి: ఇంట్లో పెద్దల మీటింగు, తర్వాత పార్టీ ముద్ర. 1989 ఏప్రిల్ 15న హు యావోబాంగ్ పోతే, చౌ ఎన్ లైకి తెచ్చినట్టే విద్యార్థులు మళ్ళీ పూలమాలలు తెచ్చారు. ఆ తర్వాత జూన్‌లో సైన్యం వచ్చి వాళ్ళ మీద కాల్పులు జరిపిన సంగతి మీకు తెలుసు.

పెట్టిన నియమం ఒకటి మాత్రం ఉంది. 1982 రాజ్యాంగంలో దేశాధ్యక్షుడికి రెండు విడతలు మించకూడదని రాశారు. 2018 మార్చి 11న దాన్ని తీసేశారు. అనుకూలం 2,958, వ్యతిరేకం 2. తీయించింది షీ జిన్‌పింగ్. ఆయన తండ్రి షి జోంగ్‌షున్ 1962లో పదవి పోగొట్టుకుని, పదహారేళ్ళు నానా అగచాట్లు పడి, 1978లో గ్వాంగ్‌డోంగ్‌కి నాయకుడిగా వెళ్ళినవాడు. హు యావోబాంగ్ విభాగం నుంచి తిరిగొచ్చినవాళ్ళలో ఒకడు.

షీ తర్వాత ఎవరని చాలామంది అడుగుతున్నారు. వారసుడంటూ ఎవర్నీ నిలబెట్టలేదు. నేను జోస్యం చెప్పను. ఆ రోజు వచ్చినప్పుడు పేపర్లో ఎవరి ఫోటో పడిందన్నది నేను రెండోసారి చూస్తాను. మొదట చూసేది సంస్థాగత విభాగం ఎవరి చేతిలో ఉందని, రాజధాని కాపలా దళం ఎవరి మాట వింటోందని, పాత ఫైళ్ళు ఎవరు తెరుస్తున్నారని. ఒక తేడా మాత్రం ఉంది. 1977లో వెనక్కొచ్చినవాళ్ళ మీద జనానికి జాలి ఉంది, గౌరవం ఉంది. ఈ పదేళ్ళలో అవినీతి కేసుల్లో పోయిన అధికారులూ జనరల్సూ రేపు వెనక్కొస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారని నేననుకోను. అప్పుడు కొత్త నాయకుడు ఎవర్ని కూడగట్టుకుంటాడన్నది నాకింకా తెగని ప్రశ్న. మీలో ఎవరికైనా దాని మీద అభిప్రాయం ఉంటే ముందు వాళ్ళకే మైకు ఇద్దాం.